తాళం వేశారు, గొళ్లెం మరిచారు

రాయ్‌పూర్‌లో సొంత సర్వర్ మీద సైటు నడిపేవాళ్లను దాన్ని ఎవరు చూసుకుంటారని అడిగితే "ప్యానెల్ హై నా భయ్యా" అంటారు. పండరీలో బట్టల కొట్టుదైనా, కోచింగ్ సెంటర్‌దైనా, మనవాళ్ల ఉగాది ఫొటోల సైటైనా అదే జవాబు. నేనడిగింది ఎవరని. వాళ్లు చెప్పేది ఏమిటని. నా పేచీ అంతా ఈ తేడా మీదే.

బ్రౌజర్‌లో బటన్లు నొక్కి సర్వర్‌ను నడిపించే ఈ ప్యానెల్ పెడితే సర్వర్ బాధ్యత తీరిపోయిందని నమ్మించినవాళ్లు మన డిజైనర్లూ, హోస్టింగ్ అమ్మేవాళ్లూ. నిజానికి ప్యానెల్ కూడా ఆ సర్వర్ మీద నడిచే ఇంకో ప్రోగ్రామే. అదీ రూట్ అధికారం, అంటే సర్వర్ మీద సర్వాధికారం, చేతిలో పెట్టుకుని, లోకమంతటికీ కనబడే పోర్టులో కూర్చుంటుంది. సీప్యానెల్‌ది 2083, సైబర్‌ప్యానెల్‌ది 8090. 2024 అక్టోబరులో ఆ 8090 తలుపుకు కన్నం పడింది. పాస్‌వర్డ్ లేకుండానే రూట్ దాకా పోవచ్చు. ఇరవై వేలకు పైగా సర్వర్లు ఆ కన్నానికి అందేలా ఉన్నాయి. ర్యాన్సమ్‌వేర్ ముఠాలు ఫైళ్లకు తాళాలు బిగించాయి.

"అప్‌డేట్ చేసుకోవాల్సింది" అంటారు. ఎవరు చేసుకోవాలి? కంట్రోల్ వెబ్ ప్యానెల్ అనే ఇంకో ప్యానెల్‌లోని లోపానికి మందు 2022 అక్టోబరులోనే వచ్చింది. దొంగలు పడింది 2023 జనవరిలో. రెండు నెలలు గడువిచ్చినా బటన్ నొక్కే దిక్కు లేని సర్వర్లే దొరికిపోయాయి. వెస్టా అనే ప్యానెల్‌ది మరీ ఘోరం: 2018లో దాని ఇన్‌స్టాలర్‌నే ఎవరో మార్చేశారు. ఇంటికి తాళం అమ్మినవాడి దుకాణంలోనే మారుతాళం తయారైనట్టు.

డబ్బు సంగతీ ఉంది. ఒకప్పుడు సీప్యానెల్‌కి సర్వర్ లెక్కన కట్టేవాళ్లం. 2018లో యాజమాన్యం మారింది, ప్రత్యర్థి ప్లెస్క్ అప్పటికే అదే గొడుగు కింద ఉంది. మరుసటి ఏడాది నుంచి ఖాతాల లెక్క మొదలైంది. అలవాటు పడ్డవాడికి బేరమాడే నోరెక్కడిది?

ఒకే ఒక్క సైటు ఉన్నవాడికి ఇదంతా ఎందుకు? ఎంజిన్ఎక్స్, పీహెచ్‌పీ, మరియాడీబీ, సర్టిఫికెట్ పునరుద్ధరించడానికి సర్ట్‌బాట్ ఉంటే చాలు. చిన్న సైటుకు 1 జీబీ మెమరీలో సర్దుకుంటాయి. సీప్యానెల్ తన కోసమే కనీసం 2 జీబీ అడుగుతుంది. పైగా అపాచీ ఫైల్లో మీరు చేత్తో దిద్దిన వరుసను, మళ్లీ ఆ ఫైలు తయారుచేసేటప్పుడు నిక్షేపంగా చెరిపేస్తుంది. నేర్చుకోబోయేవాడి చేతి మీద కొట్టడమంటే అదే.

అలాగని టెర్మినల్ నల్లతెర ముందు కూర్చుంటేనే మొనగాడనే వాళ్లతో నాకు పొత్తు లేదు. ఒక సర్వర్ మీద వందమంది ఖాతాదారులు, వాళ్ల మెయిల్ పెట్టెలు, మరిచిపోయిన పాస్‌వర్డులు ఉంటే ప్యానెల్ పెట్టాల్సిందే. లేకపోతే అక్కడి కుర్రాడు నిద్రపోడు. అయితే చూడండి, అక్కడ కుర్రాడున్నాడు.

మన జిల్లా సైటునే తీసుకోండి. రాయ్‌పూర్ జిల్లాది కేంద్ర ప్రభుత్వ ఎన్ఐసీ వారి ఎస్‌త్రీవాస్ అనే వేదిక మీద నడుస్తుంది. కలెక్టరేట్ గుమాస్తా నోటీసు ఎక్కిస్తాడు, ఫొటో మారుస్తాడు. రూట్ పాస్‌వర్డ్ అతని చేతిలో ఎవరూ పెట్టలేదు, సర్వర్‌ను కాచేవాళ్లు వేరే ఉన్నారు. కొట్టువాడికి కావలసింది కూడా ఇదే: నిర్వహణతో కలిపి అద్దెకిచ్చే హోస్టింగ్, లేదా నెలజీతం మీద ఒక మనిషి. ఈ రెండూ ఖరీదని వీపీఎస్, అంటే ఎవరూ కాచిపెట్టని అద్దె సర్వర్, తీసుకుని, దాని మీద ప్యానెల్ అతికించి, ఆదా చేశామనుకుంటారు.

ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ నాటి ఆదేశాల ప్రకారం సంస్థలు దాడిని గమనించిన ఆరు గంటల్లో దానికి తెలియజేయాలి, సర్వర్ లాగ్‌లు 180 రోజులు దాచాలి. ఆ ఆరు గంటలు మొదలయ్యేది ఎవరో ఒకరు గమనించాక.