రాష్ట్ర ఆర్కైవ్స్ సంచాలకులకు బహిరంగ లేఖ

అయ్యా,

హైదరాబాద్ తార్నాకలోని మీ కార్యాలయంలో షాజహాన్, ఔరంగజేబుల నాటి దక్కన్ కాగితాలున్నాయి. సిపాయిల హాజరు, మన్సబ్‌దార్ల జీతాలు, జాగీర్ల లెక్కలు, అన్నీ ఫార్సీలోనే. ఉర్దూ మాధ్యమంలో చరిత్ర, అర్థశాస్త్రం చదివే పిల్లలు లిపిని గుర్తుపడతారు గానీ విషయం అందదు. పైగా అది షికస్తా అనే గొలుసుకట్టు రాత, పండితులకే కళ్లు మండుతాయి! గజళ్లు అనువదించేవారు దొరుకుతారు. భూమిశిస్తు సంగతి తెలిసిన దుబాసీలే దొరకరు.

1917లో దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థను పెట్టి, సాంఘిక శాస్త్రాలను ఉర్దూలోకి తెచ్చిన నగరం మనది. గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో ఫార్సీ, అనువాద శాఖలు రెండూ ఉన్నాయి. వారితో కలిసి అర్హులైన అనువాదకుల జాబితా తయారుచేసి, పేజీకి ఇంతని రేటు ప్రకటించండి. ఫార్సీ వచ్చిన పెద్దలు ఉండగానే ఈ పని మొదలుపెట్టండి.

ఇట్లు,
ఒక చరిత్ర విద్యార్థి