పేరు కనిపెట్టే ఆట

గార్డియన్ పత్రికలో 2011లో 'ద సీక్రెట్ ఫుట్‌బాలర్' అనే కాలమ్ మొదలైంది. రాసేది ఇంగ్లండ్‌లో ఆడే ఒక ప్రొఫెషనల్ ఆటగాడు. పేరు చెప్పడు. చేతికొచ్చిన డబ్బు మనుషుల్ని ఏం చేస్తుందో, ఏజెంట్లు ఎలా బేరాలాడతారో, డిప్రెషన్‌తో ట్రైనింగ్‌కి వెళ్ళడం ఎలా ఉంటుందో రాశాడు. మరుసటి ఏడాది పుస్తకం కూడా వచ్చింది. మా గచ్చిబౌలి వైపు ఫుట్‌బాల్ పిచ్చోళ్ళకి కొదవలేదు (అర్ధరాత్రి దాటాక మ్యాచ్ చూసి, పొద్దున్నే మీటింగ్‌లో ఎర్రకళ్ళేసుకుని కూర్చునేది వీళ్ళే). ఆ పుస్తకం మాటొస్తే చాలు, అందరిదీ ఒకటే ప్రశ్న: "ఇంతకీ ఎవడంటావ్?"

డిప్రెషన్ గురించి రాసిన పేజీలు ఎలా ఉన్నాయని అడగండి, మొహమొహాలు చూసుకుంటారు. ఏ ఆటగాడు ఏ ఏడాది ఏ క్లబ్‌కి మారాడో మాత్రం ఎక్సెల్ షీట్ వేసి మరీ చెప్తారు. వాళ్ళు తేల్చిన పేరు నేనిక్కడ రాయను. దీన్ని చదవడం అంటే నేనొప్పుకోను. లాగ్ ఫైళ్ళు తవ్వి ఏ యూజర్ ఏం చేశాడో పట్టుకోవడం మేం పగలంతా ఆఫీసులో చేసే పనే, దానికి సాహిత్యం ఎందుకు?

"మరి రాసేవాడు దొంగైతే?" అంటారు. న్యాయమైన మాటే. 2009 ఐపీఎల్ గుర్తుందా? 'ఫేక్ ఐపీఎల్ ప్లేయర్' పేరుతో ఒకాయన, తాను కోల్‌కతా నైట్ రైడర్స్ ఆటగాణ్ణని చెప్పుకుంటూ బ్లాగు రాశాడు. కోచ్ బుకానన్‌ని 'భూఖా నాన్' చేసేశాడు. దేశమంతా నవ్వింది, నవ్వుతూనే ఆరా తీయడం మొదలెట్టింది. సౌతాఫ్రికాలో టోర్నమెంట్ నడుస్తుండగానే జట్టు ఆకాశ్ చోప్రానీ, సంజయ్ బంగర్‌నీ ఇంటికి పంపింది. బ్లాగుకీ దానికీ సంబంధం లేదన్నా ఎవరు వింటారు? అనుమానం వాళ్ళ చుట్టూ తిరిగింది. 2010లో అసలు మనిషి బయటికొచ్చాడు. అనుపమ్ ముఖర్జీ, బెంగళూరులో మార్కెటింగ్ ఉద్యోగి. ఆ జట్టుతో ఏ సంబంధమూ లేనివాడు. రాసినాయనకి పుస్తకం వచ్చింది. నింద మోసినవాళ్ళకి ఏమొచ్చింది?

మనం రెండు ప్రశ్నల్ని కలగలిపేస్తున్నాం. "ఇతను నిజంగా ఆటగాడేనా?" అన్నది అడగాల్సిందే. దానికి పూచీ పడాల్సింది అచ్చేసిన ఎడిటర్. పూచీ పడే ఎడిటర్ లేనిచోట మీరు నమ్మకండి, తప్పులేదు. "ఏ ఆటగాడు?" అన్నదానితో మాత్రం పాఠకుడికి పనిలేదు.

ఇది తెలుగువాళ్ళకి కొత్త కూడా కాదు. ఆంధ్రజ్యోతి వీక్లీలో పురాణం సీత పేరుతో వచ్చిన 'ఇల్లాలి ముచ్చట్లు' రాసింది ఆ పత్రిక ఎడిటరే, పురాణం సుబ్రహ్మణ్యశర్మ. పూచీ పడాల్సినాయనే ముసుగేసుకున్నాడు! ముచ్చట్లు బావుంటాయి, కాదనను. కానీ అక్కడ పేరు బయటపడితే పోయేదేముంది? ఎడిటర్ని పనిలోంచి తీసేదెవరు? అలాంటి ముసుగు గురించి ఎంత ఆరా తీసినా నాకు బాధ లేదు. బాధంతా, పేరు తెలిస్తే కూడు పోయేవాళ్ళ గురించి.

అలాంటివాళ్ళు మా ఆఫీసుకి కూతవేటు దూరంలోనే ఆడేవాళ్ళు, గచ్చిబౌలి స్టేడియంలో. 2022 మార్చిలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్ఎల్ గెలిచింది. గోవాలో ఫైనల్, పెనాల్టీ షూటౌట్‌లో కట్టిమణి మూడు ఆపాడు. ఆ సీజన్‌లో 18 గోల్స్ కొట్టిన ఓగ్‌బెచె బకాయిల గొడవ తర్వాత ఫిఫా దాకా వెళ్ళింది, కొత్త ఆటగాళ్ళని రిజిస్టర్ చేసుకోకుండా క్లబ్ మీద నిషేధం పడింది. 2023-24లో జీతాలందక ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. మిగిలిన కుర్రాళ్ళతో సీజన్ లాగించారు. ఆ కుర్రాళ్ళలో ఒకడు పేరు లేకుండా రాసుంటే? "ఈ నెల కూడా ఇంటికి డబ్బు పంపలేదు, అమ్మకి అబద్ధం చెప్పాను" అని ఒక్క ముక్క రాస్తే చాలు. అప్పుడు లీగ్‌లో ఉన్నవి 12 జట్లు, ఒక్కో జట్టులో పాతికో ముప్ఫయ్యో మంది. సాయంత్రానికల్లా మా వాట్సాప్ గ్రూపు పేరు తేల్చేసేది. ఇంగ్లండ్‌లో అన్ని డివిజన్ల మధ్య దాక్కోడానికి చోటుంది. ఇక్కడ లేదు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, ఈ ఆట నేనూ ఆడాను. పాత కంపెనీలో, పేరు రాయక్కర్లేదని ఒక సర్వే పెట్టారు. టీమ్‌లో తొమ్మిది మందిమి. శని, ఆదివారాల్లో డిప్లాయ్‌మెంట్లు పెట్టి చంపుతున్నారని ఎవరో కడుపు మండి నాలుగు లైన్లు రాశారు. మేనేజర్ వాటిని స్క్రీన్ మీద పెట్టాడు. ప్రతి కామాకీ ముందు ఒక స్పేస్ ఉంది. అలా కొట్టేవాడు మా టీమ్‌లో ఒక్కడే. టీ దగ్గర ఆ సంగతి బయటపెట్టింది నేనే, నా తెలివికి నేనే మురిసిపోతూ. ఆ మాట వెళ్ళకూడని చోటికి వెళ్ళింది. నెల తిరక్కుండా అతన్ని అడక్కుండానే వేరే ప్రాజెక్టులోకి మార్చారు. రాసింది అతనో కాదో నాకిప్పటికీ తెలీదు, అడిగే మొహం లేదు. శని, ఆదివారాల డిప్లాయ్‌మెంట్లు అలాగే నడిచాయి. తర్వాతి సర్వేలో ఆ బాక్సుని నాతో సహా అందరం ఖాళీగా వదిలేశాం.