చిన్న కెమెరా, సాఫ్ నియ్యత్

మా దోస్త్ ఒకడు వచ్చే నెల అజ్మీర్, ఢిల్లీ సఫర్ పెట్టుకున్నాడు. ఫోను వద్దట, డిజిటల్ వద్దట, రీలు కెమెరాతోనే తీస్తాడట. మొన్న జుమా నమాజు అయ్యాక మసీదు మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటూ అడిగాడు: "చిన్నది కావాలి భాయ్. జేబులో పట్టాలి. తీస్తున్నట్టు ఎవరికీ మాలూం కాకూడదు. ఏది కొనమంటావ్?"

పేరు చెప్పడం ఆసాన్. ఒక్క మాటలో చెప్పేయొచ్చు. కానీ వాడి సవాల్‌లో రెండు ముక్కలున్నాయి. జేబులో పట్టాలన్నది మొదటిది. దాన్ని నేను పూరాగా ఒప్పుకుంటాను. ఎవరికీ మాలూం కాకూడదన్నది రెండోది. నా పేచీ అంతా దాంతోనే.

ముందు మొదటి ముక్క.

పెద్ద కెమెరా మెడలో వేసుకుని బజారులోకి వెళ్లి చూడండి. చాయ్ పోసే ఆయన పోయడం ఆపేస్తాడు. పిల్లలు చుట్టూ మూగుతారు. "ఏ చానెల్ సార్?" అంటారు. మీరు చూడాలనుకున్న జిందగీ అక్కడే ఆగిపోయి, మిమ్మల్నే తమాషా చూస్తుంది. చిన్న కెమెరాకు ఆ గొడవ లేదు. సఫర్‌లో బరువూ తక్కువే. అందుకే జేబు కెమెరాల మీద జనానికి ఇంత మొహబ్బత్.

నా దగ్గరున్నది ఒలింపస్ ఎక్స్ఏ2. మా మామూ 1984లో జెద్దా నుంచి తెచ్చాడు. ఆ రోజుల్లో అరబ్ దేశాల నుంచి వచ్చే ప్రతి పెట్టెలో ఒక టేప్ రికార్డరు, ఒక కెమెరా, నాలుగు అత్తరు సీసాలు ఉండేవి. టేప్ రికార్డరు పోయింది, అత్తరు ఆవిరైపోయింది. కెమెరా మాత్రం ఇంకా పనిచేస్తోంది. ఈ వరసలో మొదటిది ఎక్స్ఏ, 1979లో వచ్చింది. దాన్ని తయారుచేసిన జపాన్ కారీగర్ యోషిహిసా మైతానీ. లెన్సుకు మూత, కెమెరాకు సంచీ రెండూ అక్కర్లేకుండా, పక్కకు జరిపే తలుపు పెట్టాడాయన. తలుపు మూస్తే సబ్బుపెట్టె, తెరిస్తే కెమెరా. ఎక్స్ఏలో దూరం మనమే సరిచూసుకోవాలి. 1980లో వచ్చిన ఎక్స్ఏ2లో దగ్గర, మధ్య, దూరం అని మూడే గుర్తులు. తలుపు మూస్తే మీట తనంతట తానే మధ్యకు వచ్చేస్తుంది. వెలుతురు లెక్క కెమెరాయే చూసుకుంటుంది. రెండు ఎల్ఆర్44 సెల్స్ చాలు, వాచీల దుకాణంలో దొరుకుతాయి. మోటారు లేదు, బొటనవేలితో చక్రం తిప్పితే రీలు ముందుకు జరుగుతుంది. నొక్కినప్పుడు వచ్చే ఆవాజ్ కూడా పక్కవాడికి వినపడదు.

మిగతావి చెడ్డవని కాదు. రోలై 35 ఉంది. 1966 నాటిది. లెన్సు లోపలికి ముడుచుకుపోతుంది. షట్టరుకు బ్యాటరీయే అక్కర్లేదు. కానీ వెలుతురు కొలిచే మీటరుకు పాత పాదరసం బ్యాటరీ కావాలి, అది ఇప్పుడు తయారవడం లేదు. దూరం కూడా కంటితో అందాజాగా పెట్టుకోవాలి. ఒలింపస్ మ్యూ-2 అని 1997లో వచ్చింది, అరచేతిలో ఇమిడిపోతుంది, లెన్సు చాలా బాగుంటుంది. దాని మర్జ్ ఏమిటంటే, తెరిచిన ప్రతిసారీ ఫ్లాష్ తన ఇష్టానికి తాను వెలగడానికి తయారవుతుంది. ఆపే బటన్ ప్రతిసారీ నొక్కాలి. ఒక్కసారి మర్చిపోయామా, దర్గాలో ఖవ్వాలీ నడుస్తుండగా మెరుపు మెరిసినట్టు మెరుస్తుంది. నూరు తలలు ఇటు తిరుగుతాయి. కాంటాక్స్ టీ2 టైటానియం చొక్కా తొడుక్కున్న నవాబు. ధర ఆస్మాన్‌లో ఉంది, లోపలి ఎలక్ట్రానిక్స్ పాడైతే బాగుచేసేవాడు దొరకడం ముష్కిల్. రికో జీఆర్1 పల్చగా, ముద్దుగా ఉంటుంది. అయితే 28 ఎంఎం కాబట్టి మనిషికి బాగా దగ్గరగా వెళ్లాలి.

యాషికా టీ4 సూపర్ సంగతి విడిగా చెప్పాలి. దాని నెత్తిన ఇంకో చిన్న కిటికీ ఉంటుంది. కెమెరాను నడుము దగ్గర పెట్టుకుని, తల వంచి అందులోంచి చూస్తూ తీయొచ్చు. ఎదుటివాడు మనం గడియారం చూసుకుంటున్నామో, జేబులు వెతుక్కుంటున్నామో అనుకుంటాడు. మా దోస్త్ ఆ మాట ఎక్కడో విని తెగ ఖుష్ అయిపోయాడు. సరిగ్గా అక్కడే నేను ఆగమన్నాను.

ఇప్పుడు రెండో ముక్క.

కనపడకుండా తీయడం అనే హునర్‌కు ఉస్తాద్ కార్టియే బ్రెసాన్. తన లైకా మెరవకుండా నల్ల టేపు అంటించుకునేవాడు. 1948లో శ్రీనగర్‌లో కొండ మీద నిలబడి దువా చేస్తున్న ముసల్మాన్ ఔరతుల ఫొటో ఆయనదే. ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. దానిమీద నాకు శికాయత్ లేదు. కానీ ఎవరి కంటా పడకుండా తిరగడం అనేది అందరికీ దక్కే సౌకర్యం కాదు. దొర మెడలో చిన్న కెమెరా ఉంటే టూరిస్టు అంటారు. గడ్డం, టోపీ ఉన్న నా చేతిలో అదే కెమెరా ఉంటే ఏమంటారో నాకు తెలుసు.

ఒక పెద్ద రైల్వే స్టేషన్‌లో ఇది జరిగింది. స్తంభం చాటున నిలబడి, చాయ్ అమ్మే కుర్రాణ్ని తీశాను. భుజం మీద చెయ్యి పడింది. "ఏంటది? దాచి ఎందుకు తీస్తున్నావ్?" అన్నాడు పోలీసు. కెమెరా ఇచ్చాను. వెనక్కి తిప్పి చూశాడు, స్క్రీన్ లేదు. "ఫొటోలు చూపించు" అన్నాడు. కడిగిస్తే గాని కనపడవన్నాను. శక్ ఇంకా పెరిగింది. పేరు అడిగాడు. చెప్పాక "మీరు" కాస్తా "నువ్వు" కూడా కాకుండా పోయింది. ముప్పావు గంట ఒక గదిలో కూచోబెట్టారు. చివరికి రిటైర్మెంటుకు దగ్గరపడిన పెద్దాయన ఒకాయన వచ్చి, తలుపు జరిపి చూసి నవ్వాడు. "రీలు కెమెరారా ఇది. మా బావ దగ్గర ఉండేది" అన్నాడు. బతికించాడు. ఆ రోజు నాకు అర్థమైంది. మెడలో వేలాడుతున్న కెమెరా "నేను ఫొటోలు తీసుకునేవాణ్ని" అని నా తరఫున గవాహీ ఇస్తుంది. జేబులోంచి తొంగిచూసే కెమెరా నామీదే గవాహీ ఇస్తుంది.

ఇది డర్ వల్ల వచ్చిన అఖల్ అనుకుంటారేమో. సగం అదే. మిగతా సగం నెల్లూరులో వచ్చింది.

మొహర్రంలో బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగ మీలో చాలామందికి తెలుసు. స్వర్ణాల చెరువు నీళ్లలో దిగి రొట్టెలు మార్చుకుంటారు. మురాద్ ఉన్నవాళ్లు రొట్టె పుచ్చుకుంటారు, తీరినవాళ్లు మళ్లీ వచ్చి ఇస్తారు. ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, ఆరోగ్యం రొట్టె. హిందువా ముసల్మానా అని ఆ నీళ్లలో ఎవరూ అడగరు. నేను మోకాలి లోతులో నిలబడి, నడుము దగ్గర కెమెరా పెట్టుకుని తీస్తున్నాను. రెండు మీటర్ల దూరంలో ఒకామె కొంగు పట్టి రొట్టె అందుకుంటోంది. ఇచ్చేవాళ్లు "సంతానం రొట్టె" అన్నారు. నొక్కాను. ఎవరికీ మాలూం కాలేదనుకున్నాను.

ఆమె చూసింది. నీళ్లలో నడుచుకుంటూ నా దగ్గరికే వచ్చింది.

"అన్నా, ఫొటో తీశావా?"

"తీశానమ్మా."

"తీసెయ్ అన్నా దాన్ని. ఇంట్లో చెప్పకుండా వచ్చా."

"ఇందులో తీసెయ్యడం కుదరదమ్మా. రీలు ఇది. ఎవరికీ చూపించను."

ఆమె ఏమీ అనలేదు. అలాగే నిలబడింది. నా మాట ఎందుకు నమ్మాలి? అడగకుండా తీసినవాణ్ని, అడిగాక నమ్మమంటున్నాను. నా ఫొటోలో ఆమె ముఖం ఒక్కటే లేదు. పిల్లల్లేరన్న ఆమె గమ్ ఉంది. ఆమె తన ఖుదా ముందు మాత్రమే విప్పిన మూట అది. పక్కన నిలబడి నేను అందులో చెయ్యి పెట్టాను.

రివైండ్ పిడి పైకి లాగి, వెనక తలుపు తెరిచి, రీలు బయటికి లాగి ఎండలో పట్టుకున్నాను. ఇరవై మూడు ఫొటోలు. ముందు రాత్రి అమ్మీ పొయ్యి దగ్గర కూచుని రొట్టెలు కాలుస్తుంటే తీసినవి కూడా అందులోనే ఉన్నాయి. ఆమె రీలు వంక చూసి, తల ఊపి, మళ్లీ నీళ్లలోకి వెళ్లిపోయింది.

సూరె హుజురాత్‌లో తజస్సుస్‌ను, అంటే పక్కవాళ్ల గుట్టు కూపీ లాగడాన్ని మనా చేశారని చిన్నప్పుడు మద్రసాలో చదువుకున్నాను. తలుపు సందులోంచి చూడటమే తజస్సుస్ అనుకునేవాణ్ని. యాషికా నెత్తి మీది కిటికీ కూడా తలుపు సందేనని ఆ చెరువులో తెలిసింది.

రీలు కెమెరాకు ఉన్న ఈ ఒక్క గుణం గురించి ఎవరూ మాట్లాడరు. ఫోనులో తీస్తే చూపించొచ్చు. వద్దంటే ఆ మనిషి కళ్లముందే చెరిపేయొచ్చు. రీలులో అది లేదు. నొక్కామంటే, ఆ మనిషి ఇజ్జత్ మన దగ్గర అమానత్. ఇంటికి తెచ్చుకుంటాం, చీకట్లో కడిగిస్తాం, నెగెటివ్ ఏళ్లతరబడి పెట్టెలో ఉంటుంది. తీసుకోబడ్డ మనిషికి దానిమీద ఏ ఇఖ్తియార్ లేదు. కాబట్టి ఇజాజత్ ముందే అడగాలి. డిజిటల్ వాడికన్నా రీలు వాడి మీద జిమ్మేదారీ ఎక్కువ.

"అడిగితే ఫొటో చెడిపోతుంది, బిగుసుకుపోతారు" అంటాడు మా దోస్త్. నిజమే. మొదటి ఫొటో చెడిపోతుంది. చెడిపోనివ్వండి. చొక్కా సర్దుకుని నిటారుగా నిలబడితే అలాగే తీయండి, అది వాళ్లకు కావలసిన తస్వీర్. తర్వాత అక్కడే కూచోండి. చాయ్ తాగండి. చిన్న కెమెరా అసలు పని అప్పుడు మొదలవుతుంది. పెద్ద కెమెరాను ఎంతసేపైనా మర్చిపోరు. చిన్నదాన్ని పది నిమిషాల్లో మర్చిపోతారు. ఎక్స్ఏలో ఎఫ్8 పెట్టి, దూరం మూడు మీటర్ల దగ్గర ఆపేస్తే, దాదాపు రెండు మీటర్ల నుంచి ఏడు మీటర్ల దాకా అంతా సాఫ్‌గా వస్తుంది. ఇక ఫోకస్ ఫికర్ లేదు. మనిషి ముఖంలోకి చూస్తూ, మాట్లాడుతూ తీయొచ్చు. దాచిపెట్టడం వేరు, మర్చిపోనివ్వడం వేరు.

ప్రతివాణ్నీ అడగాలా అంటే, కాదు. చార్మినార్ ముందు రంజాన్ రాత్రి వెయ్యిమందిని అడిగేదెలా? గుంపు గుంపే, బజారు బజారే. కానీ ఫొటోలో ఒక్క ముఖమే మిగిలితే, ఒకరి కన్నీళ్లో అవసరమో అందులో కనపడుతుంటే, అడగండి. లాడ్ బజార్‌లో గాజులు చూసుకుంటున్న బుర్ఖా ఆడవాళ్ల మీద ఎన్ని కెమెరాలు తిరుగుతాయో చూస్తూనే ఉంటాం. మా చెల్లెలు ఒకసారి అంది: "భయ్యా, వాళ్లకు నేను కనపడను, నా బుర్ఖా కనపడుతుంది." అడిగి ఉంటే, బుర్ఖా వెనక గాజుల బేరం గట్టిగా ఆడే మనిషి కనపడేది.

పర్దాలో ఉన్నవాళ్లకు ఫొటో అంటేనే నఫ్రత్ అని చాలామంది అనుకుంటారు. ఆరో నిజాం దర్బారులో ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ 1892లో హైదరాబాదులో జనానా స్టూడియో తెరిచాడు. లోపల ఫొటోలు తీసింది ఒక ఇంగ్లీషు ఔరత్. పర్దా బేగంలు అక్కడికి తమంతట తాము వెళ్లి కూచున్నారు. ఫొటో ఎవరు, ఎక్కడ, ఎవరి మర్జీతో తీస్తారన్నది అసలు సవాల్. నూటముప్పై ఏళ్ల తర్వాత కూడా అదే.

అందుకని మా దోస్త్‌కు ఇచ్చిన సలహా ఇది. ఎక్స్ఏ2 కొనుక్కో. కొనే ముందు వెనక తలుపు అంచున నల్ల ఫోమ్ జిగురుగా కరిగిపోయిందేమో చూడు, కరిగితే కొత్తది వేయించు. ఫ్లాష్ విడిగా వస్తుంది, ఇంట్లో వదిలేయ్. 400 స్పీడు రీలు వేసుకో, దర్గా గల్లీల నీడలో పనికొస్తుంది. విమానంలో వెళ్తే రీళ్లు విడిగా తీసి చేత్తో చూడమని అడుగు, కొత్త సీటీ స్కానర్లు రీలును పాడుచేస్తాయి. లోపల కెమెరా మనా అని రాసి ఉంటే బయటే ఆగిపో. ఒక చిన్న డైరీ పెట్టుకో. ఎవరి ఫొటో తీశావో వాళ్ల అడ్రసు రాసుకో. తిరిగొచ్చాక ఒక ప్రింటు పోస్టులో పంపు.

ఇంకో మాట. దానికి తాడు కట్టుకో. జేబులో పట్టే కెమెరాయే కొను, కానీ మెడలో వేసుకుని తిరుగు.