పట్టా మారితే పాత ఆటల గతేమిటి?

భూమి చేతులు మారినప్పుడు మొదటి బెంగ కౌలుదారుదే. కొత్త ఆసామి సాగుకిస్తాడో, బీడు పెడతాడో, కంచె వేస్తాడో తెలియక అతనికి కంటిమీద కునుకుండదు. 2012 అక్టోబర్ 30న అమెరికాకు చెందిన వాల్ట్ డిస్నీ సంస్థ, జార్జ్ లూకాస్‌కు చెందిన లూకాస్‌ఫిల్మ్‌ను 405 కోట్ల డాలర్లకు కొంటున్నట్లు ప్రకటించిన నాడు పాత కంప్యూటర్ ఆటల అభిమానులది ఇదే స్థితి. లోకమంతా 'స్టార్ వార్స్' సినిమాల భవిష్యత్తు గురించి చర్చించుకుంటుండగా, వీరి ఆందోళన మాత్రం అదే దస్తావేజులో చేతులు మారిన లూకాస్‌ఆర్ట్స్ అనే ఆటల విభాగం గురించి.

1982లో ప్రారంభమైన ఈ విభాగం 'మంకీ ఐలాండ్' (1990), 'డే ఆఫ్ ది టెంటకిల్' (1993), 'ఫుల్ థ్రాటిల్' (1995), 'గ్రిమ్ ఫండాంగో' (1998) వంటి ఆటలను రూపొందించింది. వీటిలో తుపాకుల మోతకన్నా మాటల చమత్కారానిదే పెద్దపీట. పొడుపుకథ విప్పినట్లు ఒక్కొక్క చిక్కును విప్పుకుంటూ కథలో ముందుకు సాగడమే వీటి ప్రత్యేకత. ఒక తరం పిల్లలు ఈ ఆటలతోనే పెరిగి పెద్దవారయ్యారు. వారికవి కాలక్షేపం మాత్రమే కాదు, బాల్య స్మృతులు.

అభిమానుల అంచనాలు రెండు విధాలుగా సాగాయి. పాత చిత్రాలను తరతరాలకూ మళ్లీ మళ్లీ అందించడంలో ఆరితేరిన డిస్నీ, ఈ ఆటలకూ కొత్త ఊపిరి పోస్తుందని కొందరు ఆశపడ్డారు. వందల కోట్ల డాలర్ల లెక్కలు చూసుకునే సంస్థకు ఇరవయ్యేళ్లనాటి ఆటలు కంటికి ఆనవని, అవి కొట్టుగదిలో తాళం పడి మగ్గిపోవడం ఖాయమని మరికొందరు వాదించారు.

తొలి తీర్పు రెండో వర్గానికే అనుకూలంగా వచ్చింది. 2013 ఏప్రిల్ 3న లూకాస్‌ఆర్ట్స్‌లో ఆటల తయారీని నిలిపివేస్తున్నట్లు ప్రకటన వెలువడింది. దాదాపు 150 మంది ఉపాధి కోల్పోయారు. నిర్మాణంలో ఉన్న 'స్టార్ వార్స్ 1313' అర్ధాంతరంగా ఆగిపోయింది. ఇకపై సొంతంగా ఆటలు చేయబోమని, బయటి సంస్థలకు లైసెన్సులిచ్చి చేయిస్తామని డిస్నీ స్పష్టం చేసింది. అదే ఏడాది మే నెలలో 'స్టార్ వార్స్' ఆటల హక్కులు ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థకు దక్కాయి. అభిమానుల దృష్టిలో పొలం బీడు పడినట్లే.

కాగా, అభిమానులు శాపమనుకున్న ఆ విధానమే పాత ఆటలకు వరమైంది. స్వయంగా సాగు చేయని ఆసామి కౌలుకివ్వడానికి సిద్ధపడతాడు. పెట్టుబడి, శ్రమ బయటివారివి, రాబడిలో వాటా తనది. 2014 అక్టోబర్‌లో పాత లూకాస్‌ఆర్ట్స్ ఆటలు కొన్ని ఇంటర్నెట్ దుకాణమైన జీఓజీలో అమ్మకానికి వచ్చాయి. ఒకప్పుడు లూకాస్‌ఆర్ట్స్‌లోనే పనిచేసిన టిమ్ షేఫర్, తాను స్థాపించిన డబుల్ ఫైన్ సంస్థ ద్వారా 'గ్రిమ్ ఫండాంగో'ను 2015లోనూ, 'డే ఆఫ్ ది టెంటకిల్'ను 2016లోనూ, 'ఫుల్ థ్రాటిల్'ను 2017లోనూ మెరుగులు దిద్ది విడుదల చేశారు. వీటిలో 'గ్రిమ్ ఫండాంగో' పాత యాజమాన్యం ఉన్న రోజుల్లోనే ఏళ్ల తరబడి అంగట్లో దొరకలేదన్నది గమనార్హం. సొంతవాడు మరచినదాన్ని కొన్నవాడు బయటికి రానిచ్చాడన్నమాట.

అంతమాత్రాన యాజమాన్య మార్పు మేలే చేస్తుందని నిర్ధారించడం తొందరపాటవుతుంది. 'మంకీ ఐలాండ్' సృష్టికర్త రాన్ గిల్బర్ట్ 1992లోనే సంస్థను వీడారు. తాను సృష్టించిన ఆటల హక్కులను తనకు అమ్మవలసిందిగా ఆయన 2016లో డిస్నీని బహిరంగంగానే కోరినా హక్కులు దక్కలేదు. చివరకు లైసెన్సు ఏర్పాటు మీదనే 2022 సెప్టెంబర్‌లో 'రిటర్న్ టు మంకీ ఐలాండ్'ను తీసుకురాగలిగారు. 1991నాటి రెండో భాగం తరువాత తన పాత్రల చెంతకు తిరిగి చేరడానికి ఆయనకు 31 ఏళ్లు పట్టింది. దున్ని, విత్తి, నీరు పెట్టినవాడైనా పట్టాలో పేరు లేనప్పుడు గట్టు మీద నిలబడి అనుమతి అడగవలసిందే.

పేరున్న ఆటలకు, పలుకుబడి గల సృష్టికర్తలకు ఈపాటి అదృష్టమైనా దక్కింది. అడిగే నాథుడు లేని ఆటల సంగతేమిటి? అమెరికాలో 2010కి ముందు విడుదలైన ఆటలలో నూటికి 87 నేడు కొందామన్నా దొరకవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో వెల్లడించిన అధ్యయనం తేల్చింది. కంపెనీల దయాదాక్షిణ్యాలకు వదలకుండా అభిమానులు చేపట్టిన కృషి కూడా లేకపోలేదు. లూకాస్‌ఆర్ట్స్ పాత ఆటలు కొత్త కంప్యూటర్లపై నడిచేందుకు వీలుగా 2001లో స్వచ్ఛంద ప్రోగ్రామర్లు ప్రారంభించిన స్కమ్‌వీఎం అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నేటికీ సేవలందిస్తోంది. పాత డిస్కు దాచుకున్న ఇంటికి అదే ఆసరా.

ఈ ఉదంతం తెలుగు లోగిళ్లకు సంబంధం లేనిదేమీ కాదు. సరిహద్దుకు ఆవల ఉన్న తెలుగు ఇళ్లకు కూడా మాతృభాషను చేరవేసిన మా టీవీ 2015లో స్టార్ ఇండియా పరమైంది. 2019లో స్టార్ ఇండియాయే డిస్నీ గూటికి చేరింది. 2024 నవంబర్‌లో రిలయన్స్‌తో కుదిరిన విలీనం ద్వారా జియోస్టార్‌లో భాగమైంది. పదేళ్లలో మూడుసార్లు పగ్గాలు మారినా ఏ సందర్భంలోనూ చూసేవారి సమ్మతితో పని పడలేదు. రేపు పాత కార్యక్రమాలను భద్రపరచాలో, పక్కన పడేయాలో నిర్ణయించేదీ పగ్గాలున్నవారే.

అభిమానుల బెంగ అర్థరహితం కాదని లూకాస్‌ఆర్ట్స్ కథ చెబుతోంది. ఆ ఆటలు బతికాయంటే అడిగేవారు ఉండబట్టి, యజమాని సమ్మతించబట్టి. వీటిలో ఏ ఒక్కటి కొరవడినా అవి నూటికి 87లో కలిసిపోయేవే. ఒక తరం మనసులో నిలిచిన కృతికి యజమాని దయ తప్ప వేరే రక్షణ లేకపోవడమే అసలు సమస్య. కోట్లతో కూడిన ఒప్పందం రాసుకునేటప్పుడు పాత కృతులు ప్రజలకు అందుబాటులో ఉండాలన్న ఒక్క షరతు చేర్చడం కొన్నవారికి భారం కాబోదు. ఆ షరతు లేనంతకాలం పట్టా మారిన ప్రతిసారీ గట్టు మీది వారికి నిద్రలేని రాత్రులు తప్పవు.