పుట్టను తవ్వే ముందు

థార్ ఎడారిలో వాన పడ్డాక ఇసుకను చీల్చుకుని పొడవాటి పుట్టగొడుగు ఒకటి లేస్తుంది. అక్కడి జనం 'ఖుంబీ' అంటారు, లేతగా ఉన్నప్పుడే కూర వండుకుంటారు. 1771లో లిన్నేయస్ అనే స్వీడన్ శాస్త్రవేత్త దానికి లాటిన్ పేరు పెట్టాడు. లోకం లెక్కలో అప్పుడే దాన్ని 'కనిపెట్టారు'. ఏరుకున్నవాళ్ల పేర్లు ఎవరూ రాసుకోలేదు.

రఘునాథపల్లి మండలంలో ఎడారి లేదు గాని కథ అదే. తొలకరి తర్వాత ఉరుములు ఉరిమితే చల్క చేన్ల గట్ల మీద ఏ పుట్ట పక్కన గొడుగులు లేస్తాయో మన అమ్మలక్కలకు తెలుసు. అయితే మర్మం ఉరుములో లేదు, చెదల్లో ఉంది. చెదలు ఎండుగడ్డి, కట్టె నమిలి పుట్ట లోపల పేర్చి, దాని మీద ఈ బూజును పెంచుతాయి. తమకు అరగనిదాన్ని బూజు కరిగిస్తే, అప్పుడు తింటాయి. కోట్ల ఏళ్లుగా సాగుతున్న సేద్యమిది. మనకన్నా పాత రైతులు చెదలే. షెడ్లలో పాలపుట్టగొడుగులు పండిస్తున్నాం గాని, వీటిని అమ్మకానికి సరిపడా పండించడం ఎవరివల్లా కాలేదు. పుట్ట ఉంటేనే ఈ కూర.

ఆ పుట్టలే పోతున్నాయి. జేసీబీతో గట్లు చదును చేస్తున్నాం, చెదలకని క్లోరిపైరిఫాస్ పోస్తున్నాం. పొలాలు ప్లాట్లవుతున్నాయి. (వెంచర్లు మాత్రం పుట్టగొడుగుల్లానే లేస్తున్నాయి.) పంటను తినే చెదను వదిలేయమని మేము అనడం లేదు. పంటలేని గట్టు మీది పుట్ట ఎవరికి అడ్డం?

ఇక మందు సంగతి. షుగరు తగ్గుతుందని పొడి డబ్బాలు అమ్మేవాళ్లను నమ్మొద్దు. ప్రయోగశాలలో కనిపించిన గుణం డాక్టరు చీటీ మీదికి రావడానికి చాలా దూరం ఉంది. తెలియని గొడుగును అసలే ముట్టొద్దు. 2022 ఏప్రిల్‌లో అస్సాంలో విషపు గొడుగులు తిని పదిమందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది తేయాకు తోటలవాళ్లే. కొన్నిటి విషం ఉడికించినా పోదు. వాంతులు మొదలయ్యేసరికే ఆరు గంటలు దాటుతుంది.

రేపు మందుగుణం నిజమని తేలితే లాభం ఎవరిది? వేపనూనె బూజు తెగుళ్లను ఆపుతుందని మనకు తెలిసినా, యూరప్‌లో దాని మీద పేటెంటు ఇచ్చారు. అది పూర్తిగా రద్దయ్యేసరికి 2005 వచ్చింది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య కమిటీ ఉండాలి, ఊరి జీవసంపదను, దాని గురించిన తెలివిని రిజిస్టరులో రాయాలి. ఈసారి గ్రామసభలో ఆ రిజిస్టరు తెమ్మనండి. అందులో పుట్టగొడుగుల పేజీ లేకుంటే, వాటిని ఏరే ఆడవాళ్లను కూర్చోబెట్టి వాళ్ల పేర్లతో సహా రాయించమనండి.