పిల్లల నిద్రకు కాలేజీ బాధ్యత లేదా?

2020 వేసవిలో డిగ్రీ, ఇంజనీరింగ్ చదివే పిల్లలున్న ఇళ్లలో ఇంచుమించు ఒకే మాట వినిపించింది. ‘రాత్రి మూడింటిదాకా పడుకోడు, పొద్దున పదకొండైనా లేవడు.’ తల్లిదండ్రులు తప్పంతా సెల్‌ఫోన్ మీద, పిల్లల బద్ధకం మీద వేశారు. ఆన్‌లైన్ క్లాసులో కెమెరా ఆపేసి నిద్రపోతున్నారని లెక్చరర్లు కోప్పడ్డారు. ఆ తీర్పు తప్పు. ఆ పిల్లల నిద్ర చెడటానికి కారణాలు వాళ్ల స్వభావంలో కన్నా మనం వాళ్లకు లేకుండా చేసినవాటిలో, వాళ్ల నెత్తిన పెట్టినవాటిలో ఎక్కువగా ఉన్నాయి. లాక్‌డౌన్ ముగిసి ఏళ్లు గడిచాక ఈ సంగతి ఎందుకంటే, ఆ కారణాల్లో చాలావరకు మన కాలేజీల్లో ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

ఆ రోజుల్ని ఒకసారి గుర్తుచేసుకుందాం. మార్చి మధ్యలో కరోనా వల్ల విద్యాసంస్థలు మూతపడ్డాయి. 24 రాత్రి ప్రధాని దేశమంతటా లాక్‌డౌన్ ప్రకటించారు. వెంటనే హైదరాబాద్‌లో అమీర్‌పేట, ఎస్సార్ నగర్ వైపు ప్రైవేటు హాస్టళ్లు పిల్లల్ని ఖాళీ చేయమన్నాయి. పోలీస్ స్టేషన్ల ముందు బారులు తీరి పాసులు తెచ్చుకుని ఆంధ్రప్రదేశ్‌కు బయల్దేరినవాళ్లు కృష్ణా జిల్లా గరికపాడు చెక్‌పోస్టు దగ్గర గంటల తరబడి ఆగిపోయారు. పక్క రాష్ట్రం ఇచ్చిన పాసు అక్కడ చెల్లలేదు. బ్యాగులతో రోడ్డు మీద నిలబడ్డ ఆ యువతీ యువకులు తర్వాత ఇల్లు చేరారు. చేరాక, మూడు వారాలన్న గడువు మే 3కి, మే 17కి, మే 31కి జరుగుతూ పోయింది. ఎప్పుడు తిరిగి వెళ్తారో, హాస్టల్లో వదిలేసిన పుస్తకాలు ఎప్పుడు చేతికొస్తాయో చెప్పగలిగినవాళ్లు ఎవరూ లేరు.

ఇప్పుడు నిద్ర సంగతి. జ్యూరిక్‌లో పనిచేసిన శాస్త్రవేత్త అలెగ్జాండర్ బోర్బెలీ 1982లో ఇచ్చిన వివరణ నేటికీ నిద్రశాస్త్రానికి పునాది. మన నిద్రను రెండు శక్తులు నడుపుతాయి. ఒకటి, మెలకువగా ఉన్నకొద్దీ పేరుకుంటూ పోయే నిద్ర ఒత్తిడి. రెండోది, పగలూ రాత్రీ తేడాను బట్టి నడిచే జీవగడియారం. ఈ గడియారం కణాల్లో ఎలా పనిచేస్తుందో కనిపెట్టినందుకే 2017లో జెఫ్రీ హాల్, మైకేల్ రోస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు వైద్యశాస్త్రంలో నోబెల్ వచ్చింది. చాలామందిలో ఈ గడియారం సరిగ్గా 24 గంటలకు తిరగదు, కాస్త వెనకబడుతుంది. రోజూ దాన్ని సరిచేసేది ప్రధానంగా పొద్దుటి వెలుతురు. ఇంట్లో ట్యూబ్‌లైటు కింద వెలుతురు రెండు మూడు వందల లక్స్‌లకు మించదు. ఆరుబయట మబ్బు పట్టిన రోజున కూడా అది వేలల్లో ఉంటుంది, ఎండలో లక్ష దాకా పోతుంది. మన కంటికి రెండూ వెలుతురే. మెదడులోని గడియారానికి మాత్రం మొదటిది సరిపోదు.

కాలేజీకి వెళ్లే విద్యార్థికి ఈ వెలుతురు అడక్కుండానే దక్కేది. బస్టాపులో నిలబడటం, క్యాంపస్‌లో ఒక బ్లాకు నుంచి ఇంకో బ్లాకుకు నడవడం, సాయంత్రం గ్రౌండులో ఆట. లాక్‌డౌన్ వీటన్నిటినీ ఒక్క రాత్రిలో తీసేసింది. పగలు వెలుతురు తగ్గింది, రాత్రి తెర వెలుతురు పెరిగింది, ఒళ్లు అలిసే పని లేదు, మధ్యాహ్నం కునుకు తోడైంది. పగటి కునుకు నిద్ర ఒత్తిడిని ముందే కొంత కరిగించేస్తుంది కాబట్టి రాత్రి పదకొండుకు పడుకున్నా కళ్లు మూతపడవు. ఇందులో క్రమశిక్షణ లోపం ఎక్కడుంది? ఇరవై ఏళ్ల వయసుకు మరో లక్షణం కూడా ఉంది. మ్యూనిక్‌కు చెందిన టిల్ రోన్నెబర్గ్ బృందం 2004లో చూపించినట్టు, బాల్యం దాటినప్పటి నుంచి మనిషి నిద్రవేళ ఆలస్యమవుతూ పోయి, ఇరవై ఏళ్ల ప్రాంతంలో అన్నిటికన్నా ఆలస్యమవుతుంది. ఆ తర్వాతే మళ్లీ ముందుకు జరుగుతుంది. అంటే విశ్వవిద్యాలయంలో ఉండే వయసే జీవితంలోకెల్లా ఆలస్యంగా నిద్ర వచ్చే వయసు. యాభై దాటిన తండ్రి తన నిద్రతో కొడుకు నిద్రను కొలిస్తే ఆ కొలత తప్పుతుంది.

ఇక్కడ నన్ను బాగా ఆలోచింపజేసినవి ఆ కాలంలో వచ్చిన కొన్ని అధ్యయనాలు. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో కెన్నెత్ రైట్ బృందం 139 మంది విద్యార్థుల నిద్రను లాక్‌డౌన్‌కు ముందు, లాక్‌డౌన్‌లో పోల్చి చూసింది. పిల్లలు ఆలస్యంగా పడుకున్నారు, నిజమే. కానీ క్లాసులుండే రోజుల్లో మునుపటికన్నా సగటున అరగంట ఎక్కువ నిద్రపోయారు. పనిరోజులకూ సెలవు రోజులకూ మధ్య నిద్రవేళల తేడా తగ్గింది. ఆస్ట్రియా, జర్మనీ, స్విట్జర్లాండ్‌లలో 435 మందిపై జరిగిన మరో అధ్యయనంలోనూ ఆ తేడా తగ్గింది, కానీ నిద్ర నాణ్యత కొంత పడిపోయింది. ఇటలీలో విద్యార్థులు, యువ ఉద్యోగులు 1,310 మందిని అడిగితే పక్క మీద గడిపే సమయం పెరిగి, నిద్ర మాత్రం చెడిందని తేలింది. మన దేశంలో రిషీకేశ్ ఎయిమ్స్‌కు చెందిన రవి గుప్తా తదితరులు 958 మంది జవాబులు సేకరించారు. వాళ్లు కేవలం విద్యార్థులు కారు. ఆ జవాబుల్లో పడుకునే వేళ, లేచే వేళ రెండూ వెనక్కి జరిగాయి, రాత్రి నిద్ర తగ్గింది, పగటి కునుకు పెరిగింది.

వీటిని పక్కపక్కన పెట్టి చూస్తే రెండు విషయాలు బయటపడతాయి. పొద్దున్నే పరుగెత్తాల్సిన అవసరం తీసేస్తే యువత తమ వయసుకు తగిన వేళకు పడుకుని ఇంకొంచెం ఎక్కువ నిద్రపోతుంది. అంటే మామూలు రోజుల్లో మనం వాళ్లను నిద్రకు దూరం చేస్తూనే ఉన్నాం. రెండోది, సమయం దొరికినంత మాత్రాన నిద్ర రాదు. దానికి నిశ్చింత కావాలి, చోటు కావాలి. కొలరాడో విద్యార్థికి దొరికిన అరగంట మన విద్యార్థికి దొరకకపోవడానికి కారణం ఇక్కడే ఉంది.

చోటు గురించి చెప్పాలంటే మన ఇళ్ల గురించి చెప్పాలి. రెండు గదుల ఇంట్లో తాతయ్య దగ్గు, టీవీ, పని లేక ఇంట్లోనే ఉన్న నాన్న, పక్కింటి గొడవ. చదువుకు దొరికే నిశ్శబ్దం అందరూ పడుకున్నాకే. ఆడపిల్లల పరిస్థితి ఇంకా కష్టం. ఇంటికొచ్చిన కూతురు పగలంతా వంటింట్లో అమ్మకు సాయం. క్లాసు నడుస్తుండగానే ‘కాస్త పాలు చూడవే’ అన్న పిలుపు. పుస్తకం తెరిచేది రాత్రి పదకొండు తర్వాత. ఆమె తెల్లవారుజామున రెండింటికి మేలుకుని ఉంటే దాన్ని ఫోన్ వ్యసనం అనడం అన్యాయం. మనస్తత్వవేత్త రిచర్డ్ బూట్జిన్ 1972లో నిద్రలేమికి చెప్పిన పద్ధతిని డాక్టర్లు ఇప్పటికీ సూచిస్తారు: మంచాన్ని నిద్రకే వాడండి, నిద్ర రాకపోతే లేచి మరో గదిలోకి వెళ్లండి. మంచి సలహా. ఆ మరో గది ఎందరి ఇళ్లలో ఉంది? క్లాసు విన్నది, మిడ్ పరీక్ష రాసింది, స్నేహితులతో మాట్లాడింది, ఏడ్చింది, అన్నీ ఆ ఒక్క మంచం మీదే. అలాంటప్పుడు మంచమెక్కగానే నిద్ర గుర్తుకు రావాలని మెదడును ఎలా అడుగుతాం?

ఇక ఇంటర్నెట్. 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం ఇంటర్నెట్ సౌకర్యమున్న ఇళ్లు పల్లెల్లో సుమారు 15 శాతం, పట్టణాల్లో 42 శాతం. చాలామందికి ఉన్నది రోజుకు ఒకటిన్నర, రెండు జీబీల ప్రీపెయిడ్ రీఛార్జ్. రోజూ నాలుగు వీడియో క్లాసులు వింటే సాయంత్రానికే అది అయిపోతుంది. కొత్త డేటా వచ్చేది అర్ధరాత్రి 12 దాటాక. అప్పుడు నెట్ కూడా వేగంగా ఉంటుంది. కాబట్టి రికార్డింగులు దింపుకోవడం, నోట్సు చూసుకోవడం, అసైన్‌మెంట్లు పెట్టడం అన్నీ ఆ వేళకే జరిగాయి. పైగా అసైన్‌మెంట్ గడువు రాత్రి 11 గంటల 59 నిమిషాలు. చాలా కాలేజీలు వాడిన గూగుల్ క్లాస్‌రూమ్‌లో లెక్చరర్ ప్రత్యేకంగా వేళ పెట్టకపోతే వచ్చే గడువు అదే. దాన్ని సాయంత్రం ఆరుకు మార్చడానికి అర నిమిషం పట్టదు. ఆ అర నిమిషం గురించి ఆలోచించినవారు తక్కువ.

అన్నిటికన్నా నిద్రను తిన్నది అనిశ్చితి అని నా నమ్మకం. చివరి ఏడాది విద్యార్థుల సంగతే చూడండి. ఏప్రిల్ 29న యూజీసీ మార్గదర్శకాలు జులైలో పరీక్షలన్నాయి. జులై 6న ఆ మాట మార్చి, సెప్టెంబర్ నెలాఖరులోగా పెట్టి తీరాలన్నారు. కొన్ని రాష్ట్రాలు పరీక్షలు రద్దు చేశామన్నాయి. వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది. పరీక్షలు లేకుండా డిగ్రీ ఇవ్వడం కుదరదని ఆగస్టు 28న తీర్పు వచ్చింది. నాలుగు నెలలపాటు పరీక్ష ఉందో లేదో తెలియక పుస్తకం మూయలేక, తెరవలేక గడిపారు. చేతికొచ్చిన ఆఫర్ లెటర్ నిలుస్తుందో లేదోనన్న భయం ఇంకోవైపు. ఇంట్లో జీతాలు ఆగాయి, కోతపడ్డాయి, ఫీజు కట్టమని కాలేజీ మెసేజ్‌లు మాత్రం ఆగలేదు. అదే ఏప్రిల్‌లో యూజీసీ విద్యార్థుల మానసిక ఆరోగ్యానికి హెల్ప్‌లైన్లు పెట్టమని విశ్వవిద్యాలయాలకు లేఖ రాసింది. ఆ లేఖ అవసరమే. అయితే నిజాయితీగా ఒక పరీక్ష తేదీ చెప్పి దానికి కట్టుబడి ఉంటే ఎన్నో హెల్ప్‌లైన్లు చేయలేని మేలు జరిగేది.

మన పిల్లల్లో ఇంకో వర్గం ఉంది, వాళ్ల రాత్రుల గురించి అప్పట్లో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. అమెరికా విశ్వవిద్యాలయాల్లో సీటు వచ్చి, కాన్సులేట్లలో వీసా పనులు ఆగిపోవడంతో గుంటూరులోనో వరంగల్‌లోనో ఉండి 2020 ఆగస్టు సెమిస్టర్ మొదలుపెట్టినవాళ్లు. టెక్సాస్‌లో సాయంత్రం ఆరు గంటల క్లాసంటే ఇక్కడ తెల్లవారుజామున నాలుగున్నర. ఇల్లంతా పగలు, వాళ్లకు రాత్రి. అప్పటికే అక్కడున్నవాళ్లకు మరో దెబ్బ తగిలింది. అన్ని క్లాసులూ ఆన్‌లైన్‌లోనే ఉంటే దేశం విడిచి వెళ్లాలని జులై 6న అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. హార్వర్డ్, ఎంఐటీ కోర్టుకెక్కాక 14న ఆ ఆదేశం వెనక్కి తీసుకుంది. ఆ ఎనిమిది రోజులు అక్కడి పిల్లలకూ ఇక్కడి తల్లిదండ్రులకూ కంటి మీద కునుకు ఉండి ఉంటుందనుకోను.

ఇదే సమయంలో పల్లెల్లో ఉపాధి హామీ పనికి, పొలం పనికి వెళ్లిన విద్యార్థులూ ఉన్నారు. ఎండ తగిలింది, ఒళ్లు అలిసింది, లేచే వేళ ఖాయమైంది. నిద్రశాస్త్రం చెప్పే మూడు అవసరాలూ వాళ్లకు పేదరికం వల్ల తీరాయి. దీన్ని ఆదర్శంగా చెప్పడం నా ఉద్దేశం కాదు. పీజీ చదివే బిడ్డ పలుగు పట్టాల్సి రావడం బాధాకరమే. కానీ శరీరానికి ఏం కావాలో ఇది స్పష్టంగా చూపిస్తుంది.

2021లో కరోనా రెండో ఉద్ధృతి వచ్చేసరికి పరిస్థితి మారింది. మే 5 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కర్ఫ్యూ, 12 నుంచి తెలంగాణలో లాక్‌డౌన్. తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ అందక 11 మంది చనిపోయారని అధికారులు ప్రకటించిన రోజులవి. వాట్సాప్ గ్రూపుల్లో రాత్రంతా పడకల కోసం, సిలిండర్ల కోసం వెతికింది ఎక్కువగా ఈ వయసు పిల్లలే. కొందరు ఆ వెతుకులాటలోనే సొంత మనుషుల్ని పోగొట్టుకున్నారు. ఆ నిద్రలేమికి జీవగడియారంతో సంబంధం లేదు. అది దుఃఖం. కాలేజీలు మళ్లీ తెరిచినప్పుడు ఆ దుఃఖాన్ని అడిగి తెలుసుకున్న యాజమాన్యాలు ఎన్ని? హాజరు శాతం మాత్రం మొదటి వారం నుంచే లెక్కపెట్టారు.

దీర్ఘకాలం సాగే నిద్రలేమికి మాత్రల కన్నా ముందు ప్రవర్తన చికిత్స మొదలుపెట్టాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లోనే సూచించింది. నిద్ర రాని పిల్లలు చీటీ లేకుండా మందుల షాపులో మాత్ర కొనుక్కునే బదులు ఆ చికిత్స తెలిసిన మనిషి దగ్గరకు వెళ్లగలగాలి. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు, వందమంది లేదా అంతకుమించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్ ఉండాలని ఆదేశించింది. మన విశ్వవిద్యాలయాలు, అనుబంధ కాలేజీలు ఆ నియామకాలు కాగితం మీద చూపించి ఊరుకోకూడదు. ఆ కౌన్సెలర్ విద్యార్థిని అడిగే మొదటి ప్రశ్నల్లో ‘రాత్రి నిద్ర ఎలా పడుతోంది’ అన్నది ఉండాలి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 ప్రతి హాస్టల్ నోటీసు బోర్డు మీద కనబడాలి.

అయితే చికిత్స వరకూ రాకుండా చూసే పని యాజమాన్యాల చేతిలోనే ఉంది. నగర శివార్లలోని ఇంజనీరింగ్ కాలేజీల బస్సుల కోసం ఇవాళ్టికీ పిల్లలు పొద్దున ఆరున్నరకే రోడ్డు మీద నిలబడుతున్నారు. అర్ధరాత్రి గడువులు కొనసాగుతున్నాయి. పరీక్షల టైమ్‌టేబుల్ చివరి వారంలో మారడం మామూలైపోయింది. మొదటి క్లాసు తొమ్మిదిన్నర తర్వాత పెట్టండి. అసైన్‌మెంట్ల గడువు సాయంత్రానికి మార్చండి. సెమిస్టర్ మొదటి రోజున ప్రకటించిన పరీక్ష తేదీని విపత్తు వస్తే తప్ప కదపకండి. వీటికి ప్రభుత్వ నిధులు అక్కర్లేదు, కొత్త చట్టం అక్కర్లేదు. ఉపకులపతి సంతకంతో ఒక సర్క్యులర్ చాలు. వచ్చే విద్యా సంవత్సరం టైమ్‌టేబుల్ వేసేలోపే ఆ సర్క్యులర్ రావాలి.