డాక్టర్లు రాలేదు సరే, మనం రమ్మన్నామా?

కొందరికి కోపం వస్తుందని తెలిసే రాస్తున్నాను.

మొన్నటి కార్యవర్గ సమావేశంలో ఒక పెద్దాయన అన్నారు: "మన డాక్టర్లకి భాషాభిమానం చచ్చిపోయిందండీ. ఇంతమందికి ఈమెయిల్ పంపితే ఒక్కరూ రాలేదు." చాలామంది తలలూపారు. నేను ఊపలేదు. ఇంటికొచ్చి ఆ ఉత్తరం మళ్ళీ చదివాను.

బరంపురంలో మన ఆదివారం ఉచిత వైద్యశాలకి ఆరు నెలలుగా ఫిజీషియన్ లేరు. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది షుగరు, బీపీ ఉన్న ముసలివాళ్ళు. ఊళ్ళో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది, నిజమే. ఒడియా కూడా అందరికీ బజారు మేరకు వచ్చు. కానీ నొప్పి చెప్పుకోవడానికి బజారు భాష చాలదు. అరికాళ్ళు మండుతున్నాయంటే షుగరు నరాలని దెబ్బతీస్తోందేమో చూడాలి. నడుస్తుంటే పిక్కలు పట్టేసి, ఆగితే తగ్గుతోందంటే కాళ్ళకి రక్తం సరిగ్గా అందుతోందో లేదో చూడాలి. మా పెద్దమ్మ లాంటివాళ్ళు రెండింటికీ ఒడియాలో "కాలు నొప్పి" అని ఒకటే మాట చెప్పి, నొప్పి మాత్ర తీసుకుని వచ్చేస్తారు.

మరి మనం పంపిన ఉత్తరం ఎలా ఉంది? పైన సబ్జెక్టు "విన్నపము". మొదటి పేరా 1936లో ఒడిశా ఏర్పడి మనం ఇటు ఉండిపోయిన కథ. రెండోది సంఘ చరిత్ర. మూడోది శాలువాలు కప్పించుకున్న పెద్దల పేర్లు. చివర వార్షికోత్సవానికి రమ్మన్నాం, సంచికకి ప్రకటన ఇమ్మన్నాం, వైద్యశాలకి "తమ అమూల్య సహకారము" అందించమన్నాం. సహకారమంటే డబ్బా, మందులా, మనిషా? వారానికా, నెలకా? ఎవరికి చెప్పాలి? కింద ఉన్నది సంఘం ఈమెయిలు, దాన్ని తెరిచి చూసే దిక్కు లేదు. ఓపీకీ వార్డుకీ మధ్య ఫోన్లో చూసుకునే మనిషి ఈ పొడుపుకథ విప్పుతూ కూర్చుంటారా?

ఇంకోటి. ఇక్కడ పుట్టిన కుర్ర డాక్టర్లు చాలామంది ఒడియా, ఇంగ్లీషు మీడియంలో చదివినవాళ్ళు. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడతారు, చదవడం రాదు. రోగితో మాట్లాడ్డానికి కావలసిన తెలుగు వాళ్ళ దగ్గరుంది, మన ఉత్తరం చదవడానికి కావలసిన తెలుగు లేదు. మా మేనల్లుణ్ణి అడిగితే, "మావయ్యా, ఏదో ఆహ్వానపత్రిక అనుకున్నాను" అన్నాడు. వాడిది భాషాభిమానం లేకపోవడమా?

"తెలుగు సంఘం ఇంగ్లీషులో అడగడమా!" అంటారని తెలుసు. అడిగే నాలుగు ముక్కలూ ఇంగ్లీషులో పైన పెట్టండి, మీ తెలుగు ఉత్తరం కింద నిండుగా ఉంచుకోండి. "తేదీ, టైము చెప్పి రమ్మనడం మర్యాద కాదు" అనే మాట కూడా విన్నాను. శుభలేఖలో ముహూర్తం, కల్యాణమండపం వెయ్యకుండా ఎవరైనా పంచుతున్నారా?

నేనైతే ఇలా అడుగుతాను: "ఆదివారం ఉదయం 9 నుంచి 12 దాకా, తెలుగు మాట్లాడే ఫిజీషియన్ కావాలి. పారితోషికం ఇవ్వలేం, రానూపోనూ బండి పంపుతాం. వచ్చే నెల రెండో ఆదివారమా, నాలుగో ఆదివారమా? 2 అనో 4 అనో శుక్రవారం లోగా ఈ నంబరుకి వాట్సాప్ చెయ్యండి. ఆ సాయంత్రమే మేం ఫోన్ చేసి మిగతా సంగతులు మాట్లాడతాం."

ఒక్క పూటే అడుగుతున్నాం. ఒకసారి వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాక రెండో పూట అడగడానికి మనకి నోరుంటుంది. ప్రకటనల గొడవ ఈ ఉత్తరంలో వద్దు, దానికి వేరే ఉత్తరం రాసుకోండి. అందరికీ ఒకే మెయిల్ గంపగుత్తగా కొట్టకుండా, ఎవరికి ఎవరు తెలుసో వాళ్ళ చేత పేరు పెట్టి పంపించండి. డబ్బు లేకుండా రాలేనని కొందరంటారు, అది వాళ్ళ హక్కు. కుదరదని తేలినా మేలే, ఇచ్ఛాపురం వైపు అడగొచ్చు. ఇప్పుడు ఎవరి మనసులో ఏముందో తెలియకుండానే అందర్నీ తిట్టుకుంటున్నాం.

ఆదివారం సమావేశానికి ఈ ముసాయిదా తెస్తున్నాను. తిట్టేవాళ్ళు అక్కడ తిట్టండి. నంబరు ఎవరిది పెట్టాలో మాత్రం ముందే తేల్చుకుని రండి. ఎవరూ ముందుకు రాకపోతే నాదే పెట్టండి, రాత్రి పదింటికి మోగినా ఎత్తుతాను.